దాసరి సుబ్రహ్మణ్యం

దాసరి సుబ్రహ్మణ్యం (1932 అక్టోబరు 25 - 2010 జనవరి 27) ప్రముఖ తెలుగు బాలసాహిత్య రచయిత, పత్రికా సంపాదకుడు. చందమామ మాసపత్రిక సంపాదక వర్గంలో 1952 నుండి 2006 వరకు, అంటే అర్ధశతాబ్దానికి పైగా, పనిచేశాడు. ఆ పత్రికలో 1954 నుండి వెలువడిన తోకచుక్క, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, భల్లూక మాంత్రికుడు మొదలైన 12 జానపద ధారావాహికల రచయిత ఇతడే. ఆ ధారావాహికలపై రచయిత పేరు ముద్రించే ఆనవాయితీ లేనందున, వాటిని చదివి పెరిగిన రెండు మూడు తరాల పాఠకులలో అత్యధికులకు బాల్యంలో ఈయన పేరు తెలియదు. కథలు, పాత్రల పేర్లు, బొమ్మలు మాత్రమే వారికి గుర్తుండిపోయాయి. పేరు తెలియని రచయిత ఒక భాషలోని పిల్లల ఊహాప్రపంచాన్ని ఇంతకాలం ప్రభావితం చేయడం తెలుగు సాహిత్యంలో అరుదైన విషయం.

జీవిత విశేషాలు

సుబ్రహ్మణ్యం అప్పటి గుంటూరు జిల్లా, తెనాలి ప్రాంతంలోని పెదగాదెలవర్రు గ్రామంలో జన్మించాడు. 1952లో మద్రాసు చేరి చందమామలో ఉద్యోగిగా ప్రవేశించాడు. అప్పటికి ఆయన వయసు ఇరవై సంవత్సరాల లోపే. ప్రసిద్ధ రచయిత కొడవటిగంటి కుటుంబరావు చందమామ సంపాదక బాధ్యతలు చేపట్టినది కూడా అదే సంవత్సరం. కుటుంబరావు 1980 ఆగస్టు 17న మరణించేవరకు, 28 సంవత్సరాల పాటు వీరిద్దరూ కలిసి పనిచేశారు.

సుబ్రహ్మణ్యం హేతువాద దృక్పథం కలవాడు. మంత్రాలు, మాయలు, రాక్షసులు, శాపాలు నిండిన కథలు రాసిన వ్యక్తికి వాటిపై నమ్మకం లేకపోవడం చాలామంది పాఠకులకు ఆశ్చర్యం కలిగించే అంశం. అయితే ఆయన కథలను శ్రద్ధగా చదివినవారికి ఇందులో వైరుధ్యం కనిపించదు. ఆ కథలలో మాంత్రికుడు గొప్పవాడుగా మిగలడు. అతని అత్యాశే అతని పతనానికి కారణమవుతుంది. సమస్యలు చాలావరకు ధైర్యం, సమయస్ఫూర్తి, స్నేహం వలన పరిష్కారమవుతాయి.

జీవితంలో అధిక భాగం మద్రాసులోనే గడిపిన సుబ్రహ్మణ్యం చివరి దశలో విజయవాడ చేరాడు. 2010 జనవరి 27న మరణించాడు.

చందమామ నేపథ్యం

చందమామను బి.నాగిరెడ్డి (1912 - 2004), చక్రపాణి (1908 - 1975) కలిసి 1947 జూలైలో మద్రాసు నుండి ప్రారంభించారు. మొదట తెలుగులోను, తమిళంలో అంబులిమామ పేరుతోను వెలువడింది. 1949లో కన్నడం, హిందీ, ఆ తరువాత మరికొన్ని భారతీయ భాషలు, ఇంగ్లీషు వచ్చి చేరాయి. నాగిరెడ్డి, చక్రపాణి విజయా సంస్థ అధినేతలుగా 1951లో పాతాళభైరవి చిత్రాన్ని కూడా నిర్మించారు. రాజకుమారి, తోటరాముడు, నేపాళ మాంత్రికుడు అనే మూడు పాత్రల చుట్టూ తిరిగే ఆ చిత్రం సాధించిన విజయాన్ని బట్టి ఆనాటి తెలుగు ప్రేక్షకులకు జానపద గాథలపై ఎంత మక్కువ ఉండేదో తెలుస్తుంది.

అంతకు ముందు తెలుగులో అద్భుత కథలు లేకపోలేదు. మధిర సుబ్బన్న దీక్షితులు రచించిన కాశీ మజిలీ కథలు, సంస్కృతం నుండి వచ్చిన కథాసరిత్సాగరం కథలు, అరేబియన్ నైట్స్ అనువాదాలు పెద్దలు చదివి పిల్లలకు చెప్పేవారు. చందమామ వచ్చాక పిల్లలు తామే చదువుకోగల భాషలో, నెలనెలా, బొమ్మలతో సహా ఇటువంటి కథ వారి చేతికి అందసాగింది. ఈ మార్పులో సుబ్రహ్మణ్యం ధారావాహికల పాత్ర ముఖ్యమైనది.

ధారావాహికలు

1954లో ప్రారంభమైన తోకచుక్క ఈయన తొలి ధారావాహిక. అప్పటికి రచయిత వయసు 21 సంవత్సరాలు. ఇంగ్లండులో టోల్కీన్ రచించిన లార్డ్ ఆఫ్ ది రింగ్స్ మొదటి సంపుటం వెలువడినది కూడా 1954లోనే. ఒకదానితో ఒకటి సంబంధం లేని ఈ రెండు రచనలూ తమ తమ భాషలలో పాఠకులకు ఒక కొత్త లోకాన్ని పరిచయం చేశాయి. టోల్కీన్ పేరు ప్రపంచమంతా తెలిసింది. తోకచుక్క రచయిత పేరు ఆ కథ చదివిన పిల్లలకు కూడా తెలియలేదు.

చందమామలో వెలువడిన ఈయన ధారావాహికలు ప్రారంభమైన దశాబ్దాల వారీగా ఇవి:

1950ల దశకం: తోకచుక్క, మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట.

1960ల దశకం: జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం.

1970ల దశకం: రాతిరథం, యక్షపర్వతం, మాయాసరోవరం, భల్లూక మాంత్రికుడు.

1961లో మొదలైన రాకాసిలోయ ముగిసిన తరువాత కొంతకాలం ఈ వరుస ఆగిపోయింది. ఆ విరామంలో దుర్గేశనందిని, నవాబునందిని ధారావాహికలుగా వచ్చాయి. చక్రపాణికి మంత్రతంత్రాల కథలపై అంతగా ఆసక్తి లేదని, పాఠకుల ఆదరణ వల్లనే వాటిని తిరిగి ప్రారంభించవలసి వచ్చిందని చందమామ చరిత్ర తెలిసినవారు చెబుతారు. 1966లో పాతాళదుర్గంతో జానపద ధారావాహికలు మళ్ళీ మొదలయ్యాయి. 1978లో ప్రారంభమైన భల్లూక మాంత్రికుడు ఈ వరుసలో చివరిది. ఆ తరువాత పాత ధారావాహికలనే కొత్త తరం పాఠకుల కోసం చందమామ పునర్ముద్రించింది. అందువలన 1950లలో తండ్రి చదివిన కథనే 1980, 1990 దశకాలలో కొడుకో కూతురో చదివే అవకాశం కలిగింది.

రచనా విధానం

ఈ ధారావాహికల నిర్మాణంలో కొన్ని సమాన లక్షణాలు కనిపిస్తాయి.

కథాగమనం: ప్రతి భాగం ఆరంభంలో జరిగిన కథ కొద్ది వాక్యాలలో సంగ్రహంగా ఉండేది. నడుమ నెల సంచిక అందని పిల్లవాడు కూడా దీని సాయంతో కథను అందుకోగలిగేవాడు. ప్రతి భాగమూ ఏదో ఒక ప్రమాదం ఎదురైన చోట ఆగిపోయేది. తరువాత ఏమి జరిగిందో తెలుసుకోవడానికి నెల రోజులు ఆగాలి. ఈ నిరీక్షణలో పిల్లలు కథను తమలో తాము ఊహించుకుని, స్నేహితులతో వాదించుకుని, ఒక విధంగా తామూ కథకులయ్యేవారు.

నాయకులు: కథానాయకుడు చాలా సందర్భాలలో ఒంటరివాడు కాదు. పాతాళదుర్గంలో ధూమకుడు, సోమకుడు; శిథిలాలయంలో శిఖిముఖి, విక్రమకేసరి; మాయాసరోవరంలో జయశీలుడు, సిద్ధసాధకుడు ఇటువంటి జంటలు. రాకాసిలోయలో కేశవుడికి జయమల్లుడు తోడు. ఒకరు ఆపదలో ఉంటే రెండవవారు ఆదుకుంటారు. జానపద కథలలో సాధారణంగా కనిపించే ఒంటరి రాకుమారుని స్థానంలో స్నేహితుల జంటను నిలపడం ఈయన కథలకు ప్రత్యేకతను ఇచ్చింది.

ప్రతినాయకులు: తోకచుక్కలో కుండలినీ ద్వీపపు సేనాని సమరసేనుడు, పరస్పరం శత్రువులైన ఏకాక్షి, చతుర్నేత్రుడు అనే ఇద్దరు మాంత్రికుల నడుమ చిక్కుకుంటాడు. చెడు అంతా ఒకే చోట పోగుపడి ఉండకపోవడం, దుష్టులు తమలో తాము కలహించుకోవడం కథను ఆసక్తికరంగా నడిపిస్తుంది. రాకాసిలోయలోని బ్రహ్మదండి మాంత్రికుడు, జ్వాలాద్వీపంలోని ఉగ్రాక్షుడు కూడా పాఠకులకు బాగా గుర్తుండిపోయిన పాత్రలు.

పేర్లు: ఈయన పెట్టిన పేర్లు చాలావరకు అర్థవంతమైనవి. ఏకాక్షికి కన్ను ఒకటే. చతుర్నేత్రుడికి నాలుగు కళ్ళు. భల్లూకమంటే ఎలుగుబంటి అని ఎందరో పిల్లలకు తెలిసినది పాఠ్యపుస్తకంలో కంటె ముందు ఈ కథలోనే. కథల పేర్లలో కూడా వాడుక తెలుగు, సంస్కృతం రెండూ కలుస్తాయి. తోకచుక్క, రాకాసిలోయ, రాతిరథం ఇంటి భాషకు దగ్గరి మాటలు. శిథిలాలయం, మాయాసరోవరం తత్సమాలు. పిల్లలకు కొత్త మాట ఎదురైనా, ఆ సన్నివేశమూ బొమ్మా కలిసి దాని అర్థాన్ని చెప్పేవి.

భాష: వాక్యాలు చిన్నవి, సరళమైనవి. వర్ణనల కంటె సంఘటనలకు, సంభాషణలకు ప్రాధాన్యం ఎక్కువ. ఏ ప్రాంతపు మాండలికమూ గాఢంగా కనిపించని ఈ వ్యావహారిక శైలి కుటుంబరావు సంపాదకత్వంలో చందమామ మొత్తానికి ఏర్పడిన శైలి. తీరాంధ్ర, తెలంగాణ, రాయలసీమ ప్రాంతాల పిల్లలు, రాష్ట్రం వెలుపలి తెలుగు పిల్లలు కూడా దీనిని ఇబ్బంది లేకుండా చదవగలిగారు.

చిత్రాలు

ఈ ధారావాహికలకు బొమ్మలు వేసిన చిత్రకారుడు చిత్రా. ఈయన అసలు పేరు టి.వి.రాఘవన్. 1978లో మరణించేవరకు చందమామలో పనిచేశాడు. కోట బురుజులు, గుహలు, దట్టమైన అడవులు, విచిత్ర జంతువులు, మాంత్రికుల వేషభాషలు చిత్రా గీతలలోనే పాఠకుల మనసులలో నిలిచిపోయాయి. రచయిత పేరు అచ్చు కాకపోయినా, బొమ్మ కింద చిత్రా సంతకం ఉండేది. అందువలన ధారావాహికను తలచుకున్నపుడు చాలామందికి మొదట గుర్తుకు వచ్చే పేరు చిత్రాదే.

సరిహద్దు ప్రాంతాలలో చందమామ

మద్రాసులో అచ్చయిన ఒక పత్రిక తెలుగునాట మారుమూల పట్టణాల పిల్లలకు ఎటువంటి లోకాన్ని చూపగలిగిందో గ్రహించడానికి మదనపల్లె, పుంగనూరు, కుప్పం పట్టణాలు మంచి ఉదాహరణ. ఈ మూడూ ఉమ్మడి చిత్తూరు జిల్లాలో పడమటి భాగానికి చెందినవి. 1947లో చందమామ మొదలైనప్పుడు చిత్తూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉండేది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. మరుసటి సంవత్సరం తోకచుక్క ప్రారంభమయ్యేనాటికి ఈ పట్టణాలు ఒక రాష్ట్రంలోను, పత్రిక అచ్చయ్యే నగరం మరొక రాష్ట్రంలోను ఉన్నాయి. అయినా చందమామ మద్రాసు నుండే తెలుగు పాఠకులకు చేరుతూ వచ్చింది.

కుప్పం ఆంధ్రప్రదేశ్, తమిళనాడు, కర్ణాటక రాష్ట్రాల కూడలిలో, మద్రాసు - బెంగుళూరు రైలు మార్గం మీద ఉంది. పుంగనూరు కూడా కర్ణాటక సరిహద్దుకు సమీపంలోనిదే. ఇంట్లో తెలుగు, సంతలో తమిళం లేక కన్నడం వినిపించే ఇటువంటి చోట్ల చందమామకు ఒక ప్రత్యేక ప్రయోజనం ఉండేది. ఒకే ధారావాహిక, అవే బొమ్మలతో, తెలుగు, తమిళ, కన్నడ సంచికలలో వెలువడేది. భాషలు వేరైన ఇరుగు పొరుగు పిల్లలు ఒకే కథను గురించి మాట్లాడుకోవడానికి ఇది వీలు కల్పించింది. ద్రావిడ భాషల అధ్యయనం కోసం 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం కుప్పంలో ఏర్పడటానికి ఎన్నో ఏళ్ళ ముందే, ఈ భాషల పిల్లలకు ఉమ్మడి కథలు అందుబాటులోకి వచ్చాయి.

ఈ ప్రాంతపు భౌగోళిక స్వరూపం కూడా ధారావాహికల లోకానికి దూరమైనది కాదు. మదనపల్లెకు సమీపంలో గుర్రంకొండ కోట ఉంది. హార్స్‌లీ కొండలకు స్థానికంగా ఏనుగు మల్లమ్మ కొండ అనే పేరు ఉంది. ఏనుగుల సంరక్షణలో పెరిగిన మల్లమ్మ అనే బాలిక కథ ఈ పేరుకు మూలమని జనశ్రుతి. కుప్పం, పలమనేరు అడవులకు 1980ల దశకంలో పొరుగు రాష్ట్రాల నుండి ఏనుగులు వలస వచ్చాయి. పాడుబడిన కోటలు, గుట్టల నడుమ లోయలు, అడవి ఏనుగులు ఈ ప్రాంతపు పిల్లలకు కళ్ళ ముందున్నవే. శిథిలాలయం, కంచుకోట వంటి కథలు చదివిన పిల్లవాడికి తన ఊరి కొండ మీది కోటగోడ కూడా కథలో భాగంగా కనిపించడానికి ఇక్కడ ఎక్కువ దూరం పోనక్కరలేదు. అవ్వ చెప్పిన మల్లమ్మ కథకు, చందమామలో చదివిన కథకు నడుమ గీత చాలా సన్ననిది.

ప్రభావం

సుబ్రహ్మణ్యం ధారావాహికల ప్రభావం ప్రధానంగా మూడు విధాలుగా కనిపిస్తుంది.

మొదటిది పఠనాభిరుచి. పాఠ్యపుస్తకం కాని దానిని తనంతట తాను, ఇష్టంతో చదవడం చాలామంది తెలుగు పిల్లలకు చందమామతోనే అలవాటయింది. చిన్న కథలు ఒక్క సంచికతో ముగిసిపోతాయి. ధారావాహిక అలా ముగియదు. దీర్ఘమైన కథను, అనేక పాత్రలను నెలల తరబడి జ్ఞాపకం ఉంచుకోవడం పిల్లలకు నవల చదవడానికి తొలి అభ్యాసం అయింది.

రెండవది ఇతర పత్రికలపై ప్రభావం. బాలమిత్ర, బొమ్మరిల్లు వంటి పిల్లల పత్రికలలో కూడా మాంత్రికులు, సాహసయాత్రలు గల జానపద ధారావాహికలు తప్పనిసరి అంశాలయ్యాయి. సుబ్రహ్మణ్యం కూడా చందమామకు వెలుపల కొన్ని ధారావాహికలు రాశాడు. బొమ్మరిల్లులో వచ్చిన మృత్యులోయ వీటిలో ఒకటి.

మూడవది జ్ఞాపకం. బాల్యంలో ఈ కథలు చదివినవారు పెద్దవారై, ఉద్యోగరీత్యా దేశవిదేశాలకు వెళ్ళిన తరువాత కూడా వాటిని మరువలేదు. పాత సంచికలను వెదకి, ధారావాహికల పుటలను వేరుచేసి బైండు చేయించి దాచుకున్నవారు ఉన్నారు. 2000ల దశకంలో పాత సంచికలు అంతర్జాలంలో అందుబాటులోకి రావడంతో ఈ ఆసక్తి మరింత పెరిగింది. ఈ కథలను రాసినది ఎవరు అనే ప్రశ్న విస్తృతంగా చర్చకు వచ్చినదీ, దాసరి సుబ్రహ్మణ్యం పేరు సాధారణ పాఠకులకు తెలిసినదీ ఈ దశలోనే. అప్పటికి ఆయన డెబ్బయ్యవ పడిలో ఉన్నాడు. తొలి ధారావాహిక వెలువడి అర్ధశతాబ్దం గడిచింది.

అజ్ఞాత రచయిత

చందమామలో ధారావాహికలతో పాటు సంపాదక వర్గం తయారుచేసిన అనేక రచనలు పేరు లేకుండానే అచ్చయ్యేవి. పత్రికను ఒకే గొంతుతో మాట్లాడే కథకునిగా నిలపడానికి ఈ పద్ధతి ఉపకరించింది. కుటుంబరావు చందమామ కోసం చేసిన అపారమైన కృషిలో కూడా అధికభాగం ఇలా పేరు లేనిదే. అయితే కుటుంబరావుకు నవలలు, కథలు, వ్యాసాల ద్వారా పత్రిక వెలుపల ప్రత్యేకమైన కీర్తి ఉంది. సుబ్రహ్మణ్యం రచనలలో అత్యంత ప్రధానమైనవన్నీ చందమామలోనే ఉన్నందున పేరు లేకపోవడం వలన కలిగిన నష్టం ఆయనకే ఎక్కువ. సాహిత్య చరిత్ర గ్రంథాలలో ఆయనకు తగిన స్థానం లభించకపోవడానికి ఇది ఒక కారణం. బాలసాహిత్యాన్ని, అందులోనూ మాయలు మంత్రాల కథలను, విమర్శకులు గంభీరమైన సాహిత్యంగా పరిగణించకపోవడం మరొక కారణం.

విమర్శ

మంత్రతంత్రాల కథలు పిల్లలలో మూఢనమ్మకాలను పెంచుతాయనే విమర్శ చందమామపై మొదటినుండి ఉంది. అద్భుత కథలు పిల్లల ఊహాశక్తి పెరగడానికి తోడ్పడతాయని, వయసుతో పాటు వాస్తవానికి, కల్పనకు తేడా వారికే తెలుస్తుందని దీనికి సమాధానంగా చెప్పేవారు. హేతువాద దృక్పథం గల కుటుంబరావు, సుబ్రహ్మణ్యం ఇద్దరూ ఇటువంటి కథలను పిల్లలకు అందించడం ఈ వాదానికి బలం చేకూర్చింది.

ఈ ధారావాహికలలో స్త్రీ పాత్రలు తక్కువ. ఉన్న పాత్రలు కూడా తరచు ఇతరులు రక్షించవలసిన రాకుమారి పరిధిని దాటవు. అడవి జాతుల చిత్రణలో ఆనాటి జానపద కథల సంప్రదాయం కనిపిస్తుంది. సాహసయాత్ర చేసేవారు దాదాపు అందరూ పురుషులే. అయినా ఈ కథలను ఇష్టపడి చదివినవారిలో బాలికల సంఖ్య తక్కువ కాదు.

తరువాతి కాలం

చందమామ ప్రచురణ 1998లో ఆగి, 1999లో కొత్త యాజమాన్యంతో తిరిగి ప్రారంభమైంది. 2007లో మరొకసారి యాజమాన్యం మారింది. 2010ల ఆరంభంలో పత్రిక శాశ్వతంగా నిలిచిపోయింది. సుబ్రహ్మణ్యం 2006 వరకు పత్రికతో ఉన్నందున ఆ సంస్థ ఉచ్చదశను, క్షీణదశను రెంటినీ చూసినవారిలో ఒకడు.

ఈయన ధారావాహికలు, కథలు తరువాతి కాలంలో పుస్తక రూపంలో కూడా వెలువడ్డాయి. పత్రికలో ఏనాడూ లేని రచయిత పేరు ఆ పుస్తకాల అట్టల మీద ముద్రితమైంది. దీనితో తోకచుక్క, రాకాసిలోయ చదివి పెరిగిన పాఠకులు తమ పిల్లలకు ఆ కథలను రచయిత పేరుతో సహా అందించగలుగుతున్నారు.